నిండు నీరు, ఆకలి నీరు

నీటిలో రాయి ఉంటుందని నాకు ఉద్యోగరీత్యా తెలుసు. విశాఖపట్నం రేవుకు దగ్గరలో ఉన్న ఒక కర్మాగారంలో, బాయిలర్లకు వెళ్ళే నీటిని పరీక్షించడం నా పని. బాయిలరు గొట్టాల లోపల పేరుకునే తెల్లని పెచ్చును మేము స్కేలు అనేవాళ్ళం, దాన్ని శత్రువుగానే చూసేవాళ్ళం. అద్దంలా తేటగా ఉన్న నీరు ఎంత రాయిని మోసుకొస్తుందో లెక్కగట్టి డైరీలో తేదీ వేసి రాసుకోవడమే తప్ప, అందులో ఆశ్చర్యపడవలసింది ఏదైనా ఉందని 1982 వేసవి వరకు నాకు తోచలేదు. ఆ వేసవిలో అదే రాయి నా భార్య కాలికి అడ్డం వచ్చింది.

అంతకు ముందు నవంబరులో ఆమె తన అక్కను చూడటానికి భీమునిపట్నం వెళ్ళి, తిరుగు బస్సు ఎక్కబోతూ మెట్టు జారి పడింది. ఎడమ కాలి ఎముక మోకాటికీ మడమకూ మధ్యలో విరిగింది. మూడు నెలలు సిమెంటు కట్టులో ఉంచి, కట్టు విప్పి ఎక్స్‌రే తీస్తే, విరిగినచోట నల్లటి గీత ఇంకా అలాగే ఉంది. ఎముకల డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు.

"ఎముక బద్ధకిస్తోందమ్మా. దానికి పని చెప్పాలి. కానీ మీ బరువంతా మోపకూడదు. ఛాతీ లోతు నీళ్ళలో రోజూ నడవండి. సగానికి పైగా బరువు నీళ్ళే మోస్తాయి."

"సముద్రం మా ఇంటికి దగ్గరే బాబూ. అందులోన నడవొచ్చునేటి?"

"మన సముద్రం నడవనిస్తుందా? ఈడ్చుకుపోతుంది. కదలని నీళ్ళు కావాలి." జూన్ నెలాఖరున మళ్ళీ ఎక్స్‌రే తీస్తామనీ, అప్పటికీ అతుక్కోకపోతే కాలు కోసి, తుంటి నుంచి ఎముక ముక్క తీసి అక్కడ పెట్టవలసి వస్తుందనీ, అలా పెట్టినా నడక మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేననీ చెప్పాడు.

రిక్షా వీధి చివరికి వచ్చాక ఆమె అంది: "నన్ను కొయ్యనివ్వనండి. నీలల్లోన నడిసేస్తాను. నీలు ఎక్కడున్నాయో సూడండి."

కదలని నీళ్ళు మా కాలనీ క్లబ్బులో ఉన్నాయి. కొండవాలు మీద, ఒడ్డున నిలబడితే దూరంగా లంగరేసిన ఓడలు కనిపించే చోట, క్లబ్బువాళ్ళు డజను ఏళ్ళ కిందట స్విమ్మింగ్ పూల్ కట్టించారు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు ఆడవాళ్ళ సమయమని బోర్డు ఉండేది. ఆ సమయంలో నీళ్ళలో దిగిన ఆడమనిషిని మాత్రం అప్పటివరకు ఎవరూ చూడలేదు. మార్చి మొదటి వారంలో ఒకరోజు నా భార్య పాత నైలాన్ చీరకు అన్ని పక్కలా పిన్నీసులు పెట్టుకుని, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని ఆ ఒడ్డున నిలబడింది.

"పట్టుకోండి. ఒగ్గీకండి."

"వదలను."

మెట్టు మెట్టుకూ ఆమె చేతి బరువు నా భుజం మీద తగ్గుతూ వచ్చింది. నడుము లోతులో సగమైంది. ఛాతీ లోతులో ఆ చెయ్యి ఉందో లేదో నాకు తెలియలేదు. కర్ర ఆమె చేతిలోంచి జారి నీటిమీద తేలుతూ పోయింది. ఆమె దాని వైపు చూడలేదు. ఒక అడుగు వేసింది, మరొకటి వేసింది, నన్ను వదిలేసి అవతలి గోడదాకా నడిచింది. అదే ఎముక, అదే గీత, అదే మనిషి. నాలుగు నిమిషాల క్రితం సిమెంటు నేలమీద నిలబడలేని కాలు నీటిలో నడిచింది. నీటిని ఇరవై ఏళ్ళుగా గాజు గొట్టాల్లో చూసినవాణ్ణి. అది మనిషిని ఇలా ఎత్తి పట్టుకోగలదని పుస్తకంలో చదివినవాణ్ణే గానీ, కళ్ళతో చూసినవాణ్ణి కాను.

అవతలి గోడను పట్టుకోగానే ఆమె అరిచింది. చీర అంచు గోడకు చిక్కుకుని దారాలు బయటికి వచ్చాయి. పైకి వచ్చాక చూస్తే అరికాలిలో సన్నగా నెత్తురు గీత.

"ఇది గోడేటి, కొబ్బరి కోరామేటి?" అంది, గోడ మీద చెయ్యి వేసి.

ఆమె అన్నది నిజమే. నీటిమట్టం దగ్గర పలకల మీద బొటనవేలి వెడల్పున తెల్లటి పెచ్చు గట్టిపడి ఉంది. దాని కింద గోడంతా, నేలంతా గరగరలాడుతోంది.

వారం తిరగకుండా క్లబ్బు కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. ఓడల మరమ్మతు పనిచేసే మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా మా ప్రాంతపు అలవాటు ప్రకారం నన్ను బావా అనేవాడు.

"బావా, అదింక స్విమ్మింగ్ పూల్ కాదు, ఉప్పు కొఠారు. పిల్లల మోకాళ్ళన్నీ దోక్కుపోతన్నాయి. పూడ్చేసి షటిల్ కోర్టు వేద్దామని కమిటీలో అందరూ అంటన్నారు."

లోపలి గదిలోంచి నా భార్య కర్ర చప్పుడు వినిపించింది, వెంటనే ఆగిపోయింది. ఆమె వింటోందని నాకు తెలుసు.

"జూన్ దాకా ఆగు. గోడ నేను బాగుచేస్తాను," అన్నాను.

"నీకు బాయిలర్లు తెలుసు గానీ, ఇది తొట్టె కదా బావా."

"తొట్టె అయినా బాయిలరు అయినా నీరు ఒకటే."

"సరే. జూన్ ఆఖరి ఆదివారం జనరల్ బాడీ మీటింగు. ఆరోజుకి గోడ నున్నగా లేకపోయినాదనుకో, సోమవారం మట్టి లారీలు వచ్చేస్తాయి. నన్ను అనీసి లాభం లేదు."

మర్నాడు గోడ నుంచి ఒక పెచ్చు ఊడదీసి ప్రయోగశాలకు తీసుకెళ్ళాను. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. సున్నపురాయి. అంతవరకు నేను ఊహించిందే. ఆ పెచ్చును నిలువునా విరిచి భూతద్దం కింద పెట్టినప్పుడు కనిపించినది మాత్రం నేను ఊహించలేదు. చెట్టు మానును కోసినట్టు వరసలు, వరస మీద వరస. ఒక మందపాటి తెల్లని పొర, దాని మీద సన్నని బూడిదరంగు చార, మళ్ళీ తెల్లని పొర. తెల్లనిది వేసవి, బూడిదరంగు వాన అని గ్రహించడానికి కొంచెంసేపు పట్టింది. కొలను పుట్టినప్పటి నుంచి గడిచిన ప్రతి ఏడాదీ నా గోటి కింద వరసగా ఉంది.

సంగతి సులువైనదే. ఎండ నీటిని మాత్రమే తాగుతుంది, రాయిని ముట్టదు. తగ్గిన నీటి చోట బోరు నీళ్ళు పోస్తాం, అవి తమ వంతు రాయిని తెస్తాయి. మళ్ళీ ఎండ తాగుతుంది. అలా నీరు రోజురోజుకూ నిండుతుంది. ఇక మోయలేని రోజున, దగ్గరలో ఏ గోడ ఉంటే దానిమీద ఆ బరువు దించుతుంది. నీటి అంచు దగ్గర ఎండ, గాలి రెండూ తగులుతాయి కాబట్టి అక్కడే ముందు దించుతుంది.

ఆ పొరలను చూస్తుంటే బొర్రా గుహలు గుర్తొచ్చాయి. ఏడేళ్ళ కిందట రైలెక్కి మేమిద్దరం వెళ్ళాం. లోపల కాగడా పట్టుకున్న మనిషి పైకప్పు నుంచి వేలాడే రాతి మొనను చూపించాడు. ఆ మొన చివర ఒక చుక్క నిలిచి ఉంది. నా భార్య అది పడేవరకు కదలనంది. మాతో వచ్చినవాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు. చుక్క పడలేదు.

"ఈ రాయి ఇంకా పెరుగుతన్నాదా బాబూ?" అని అడిగింది ఆమె.

"పెరుగుతన్నాది తల్లీ. మనం సూసీసరికి కాదు," అన్నాడు కాగడా మనిషి.

కొండ లోపల మందిరం లాంటి ఆ చీకటిని కట్టిన పని, మా క్లబ్బు కొలను గోడ మీద జరుగుతున్న పని ఒక్కటే. అక్కడ చేతులు జోడించాను, ఇక్కడ గీకి పారేయాలని చూస్తున్నాను. పెచ్చును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. పారేయబుద్ధి కాలేదు.

కానీ లెక్క సరిపోలేదు. బోరు నీటిలోని రాయి ఎంతో కొలిచాను, ఏటా ఎండ ఎంత నీటిని తాగుతుందో అంచనా వేశాను. ఎన్నిసార్లు గుణించినా, గోడల మీద ఉన్న రాయిలో సగం కూడా రాలేదు. కొలనులోకి ఇంకెక్కడినుంచో సున్నం వస్తోంది. చైత్ర అమావాస్యనాడు, నీటి నమూనా కోసం పొద్దున్నే వెళ్ళినప్పుడు, అది ఎక్కడినుంచి వస్తోందో తెలిసింది.

కొలను చూసుకునే ముసలాయన చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి, ఒడ్డున నిలబడి ఉన్నాడు. భీమిలి పక్క పల్లె అతనిది. చంకలో బుట్ట. బుట్టలోంచి గుప్పెళ్ళతో తెల్లని పొడి తీసి భక్తిగా నీటిలోకి విసురుతున్నాడు. విసిరినచోటల్లా నీరు పాలలా విరిసి, మెల్లగా కిందికి దిగుతోంది.

"ఏంటది?"

"సున్నం బాబూ. మంచి గుల్ల సున్నం. మా బామ్మర్ది బట్టీలోది."

"ఎందుకు వేస్తున్నావు?"

అతను నన్ను జాలిగా చూశాడు. "అమాసకి నూతిలోన సున్నం ఎయ్యరేటి? ఎయ్యకపోతే నీరు పురుగు పట్టీదా? మా తాతలు నూతులు దిగి బాగుసేసినోలు బాబు. ఈ నుయ్యి కట్టిన కాణ్ణించి నానొక్క అమాస తప్పలేదు. కమిటీయోలు సెప్పలేదు, నానే సేస్తన్నాను."

నాకు కోపం రావలసింది, రాలేదు. ఊళ్ళో మా నూతిలో కూడా మా నాన్న ఇదే బుట్టతో ఇదే సున్నం వేయించేవాడు. నూతికి అది మంచిదే, క్రిములు చస్తాయి. నేను మెట్టుమీద కూర్చుని, అతన్నీ కూర్చోమన్నాను.

"నూతిలో నీరు ఎన్నాళ్ళుంటుంది?"

"ఎన్నాల్లేటి? రోజూ తోడీస్తారు గదా. కొత్త నీరు ఊరీస్తాది."

"దీన్ని ఎవరు తోడతారు?"

అతను కొండమీదికి వస్తున్న సూర్యుణ్ణి గడ్డంతో చూపించాడు. "ఆ బాబు తోడతాడు."

"తోడేటప్పుడు నువ్వేసిన సున్నం కూడా పట్టుకెళ్తాడా?"

అతను లేచి, పంచె పైకి కట్టి, నీటిలో దిగి, గోడ మీద అరచెయ్యి ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాడు. తిరిగి వచ్చేసరికి ముఖం చిన్నబోయింది. "అయితే ఇదంతా నానేసినదేనంటారా?"

"కొంత నీది. కొంత బోరు నీళ్ళది. కొంత కమిటీవాళ్ళు కొనే బ్లీచింగ్ పౌడరుది. అందులోనూ సున్నమే ఉంటుంది."

"కమిటీయోలూ ఏస్తన్నారా!" అతని ముఖం వెలిగింది. "బతికించినారు బాబూ. పాపం నా ఒక్కడికే అనుకున్నాను, అందరం పంచీసుకుందాం."

అతను వెళ్ళాక బుట్ట అడుగున మిగిలిన పొడిని వేలితో తీశాను. సముద్రంలో ఏదో చిన్న ప్రాణి, కంటికి కనిపించని సున్నాన్ని నీటిలోంచి ఏరుకుని తనకొక ఇల్లు కట్టుకుంది. అది పోయాక అల ఆ గుల్లను ఒడ్డుకు తోసింది. మనిషి కాల్చాడు, మళ్ళీ నీటిలో వేశాడు. నీరు దాన్ని మళ్ళీ గోడగా కట్టింది. ఈ తిరుగుడులో నాకు మొదలు దొరకలేదు, చివర దొరకలేదు. ఆరోజు డైరీలో తేదీ వేసి, ఏమీ రాయలేకపోయాను.

కార్యదర్శికి ఇంత ఓపిక లేదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం గాజు జాడీతో యాసిడ్ తెప్పించి, నేను వద్దంటున్నా వినకుండా, నీటికి పైన ఉన్న ఒక మూల గోడ మీద పోయించాడు. పాలు పొంగినట్టు నురగ వచ్చింది. ఘాటుకు అందరం దగ్గుతూ వెనక్కి పరుగెత్తాం. నురగ తగ్గాక పెచ్చు లేదు.

"పోయింది కదా బావా!"

"గోడ కూడా పోయింది, చూడు."

పెచ్చు కింది సిమెంటును కూడా తినేసి, కంకర రాళ్ళు పళ్ళలా బయటపడ్డాయి. సిమెంటులో ఉన్నదీ సున్నమే, యాసిడ్‌కు ఈ సున్నం వేరు, ఆ సున్నం వేరు అనే విచక్షణ లేదు. ముసలాయన వంగి చూసి, "ఇది మందు కాదు బాబూ, రోగం," అన్నాడు. కార్యదర్శి జాడీకి బిరడా పెట్టించాడు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర నా భార్యకూ ముసలాయనకూ నాకు తెలిసిన మేరకు విడమరిచి చెప్పాను. పెళ్ళి భోజనం చేసిన మనిషికి ఇంకొక లడ్డూ పెడితే విస్తట్లోనే వదిలేస్తాడు. నిండు నీరూ అంతే, తాను మోసే రాయిని గోడ మీద వదిలేస్తుంది. ఆకలిగా ఉన్న నీరు ఎదురుగా ఏ రాయి ఉంటే దాన్ని తింటుంది. ఎక్కువ ఆకలైతే గోడనే తింటుంది. మనకు కావలసింది, కొన్నాళ్ళపాటు కొంచెం ఆకలి. పెచ్చు పోయాక, ఆకలీ కాని నిండూ కాని మధ్యస్థం.

"అయితే మీ నీటికి కాస్త ఆకలి పెట్టండి," అంది నా భార్య. "నాకు జూన్ దాకానే టైమున్నాది."

అమావాస్య సున్నం మానేశాం. సున్నం లేని క్లోరిన్ ద్రవం తెప్పించాం. రోజూ అందరూ వెళ్ళాక, బకెట్టు నీళ్ళలో కొద్దిగా యాసిడ్ కలిపి లోతు వైపు పలుచగా చల్లేవాణ్ణి. నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదని ముసలాయనకు పదేపదే చెప్పేవాణ్ణి. మర్నాడు పొద్దున నీటిని పరీక్షించి, ఆడవాళ్ళు దిగేలోపు సరిగ్గా ఉందని తేల్చుకునేవాణ్ణి.

పలకల మీది గట్టి చారకు మాత్రం ఇది చాలలేదు. ఒకరోజు నా భార్య, ఇంట్లో రాగి కాగు తోమే చింతపండు ముద్ద, కాళ్ళు రుద్దుకునే రాయి పట్టుకుని నీటిలో దిగింది.

"నీళ్ళు పాడవుతాయి," అన్నాను.

"మీరు యాసిడ్ పొయ్యొచ్చును గానీ, నా చింతపండు పాపమేటి సేసినాది?"

ముసలాయన ఒడ్డు మీంచి నవ్వాడు. "రసం పెట్టేస్తన్నారేటమ్మా? పోపు నాను తేనా?"

చింతపులుసు పట్టించి, ఆరేలోపు రాయితో రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను బకెట్టులో పిండుతూ ఒక పలక శుభ్రం చేసింది. నీలిరంగు బయటపడింది. ఆ పలకలు నీలంగా ఉంటాయని నేను మరిచిపోయాను. ఆ పులుపు పలకల మీద పనిచేసింది, నేల మీద పనిచేయలేదు. అయినా ఆ రోజు నుంచి ఆమెకు గోడ వెంబడి నడవడానికి ఒక కారణం దొరికింది. ఒక పలక, ఒక అడుగు. మరో పలక, మరో అడుగు. పక్క క్వార్టర్ల ఆడవాళ్ళు ముందు ఒడ్డున కూర్చుని చూశారు. తర్వాత కాళ్ళు ముంచారు. తర్వాత ఎవరి చింతపండు వాళ్ళు తెచ్చుకుని, పిన్నీసుల చీరలతో దిగిపోయారు.

"మొగుడికి కాఫీ టైమయిపోనాది, నాను ఎల్తాను."

"ఎల్లకు. ఆ పలక సగంలోన ఒగ్గీసినావు. మీ అత్త సూస్తే నిన్ను ఇక్కడే ముంచీస్తాది."

అలాంటి మాటల మధ్య నా భార్య ఆ గోడ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. అన్నీ లెక్కపెట్టే నేను, అది మాత్రం లెక్కపెట్టడానికి భయపడ్డాను.

నేలకూ కింది గోడలకూ నిజంగా ఆకలి ఉన్న నీరు కావాలి. బోరు నీరు పనికిరాదు, ఆ వేసవిలో కుళాయి నీరు తాగడానికే చాలదు. మిగిలింది వాన. మబ్బు నుంచి దిగే నీటిలో రాయి ఉండదు, ఎండ దాన్ని కిందే వదిలి తీసుకుపోయింది కదా. మే మూడో వారంలో కొలను నీటిలో మూడో వంతును క్లబ్బు కొబ్బరిచెట్లకు తోడించేశాను. క్లబ్బు డాబా మీది వాననీటి గొట్టాల నుంచి కొలనుదాకా ముసలాయన రేకు కాలువలు కట్టాడు. ఇక ఆకాశం తన పని చేయాలి.

చేయలేదు. ఐదు రోజులు గడిచాయి. లోతు వైపు ఒక మూలలో మాత్రమే ఛాతీ లోతు నీరు మిగిలింది. నా భార్య ఆ మూలలోనే గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు తిరుగుతోంది. కార్యదర్శి వచ్చి చూసి, "బావా, పూడ్చే పని సగం నువ్వే చేసీసినావు," అని వెళ్ళిపోయాడు. వాన రాకపోతే మళ్ళీ బోరు నీళ్ళే పోయాలి. పోస్తే గోడ జూన్‌కు తేలదు. పోయకపోతే ఈ మూల కూడా మిగలదు. ఆమె కాలును నేను ఒక మబ్బు మీద పందెం కాశానని తోచి, ఆమెకు ఆ మాట చెప్పాను.

"నీలు ఆకల్తో రావాలన్నారు గదా," అంది ఆమె, అడుగు ఆపకుండా. "దూరంనుంచి రావాలి మరి. రానివ్వండి."

ఆరో రోజు మధ్యాహ్నం ఓడల వెనక సముద్రం సీసం రంగుకు తిరిగింది. గాలి దుమ్ము లేపింది. ఆడవాళ్ళందరూ నీళ్ళలోంచి లేచి వరండాలోకి పరుగెత్తారు, నా భార్యను ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని నడిపించారు. మొదటి చినుకులకు డాబా మీది ఏడాది దుమ్మంతా కరిగి, కాలువలో ఎర్రగా వచ్చింది. ముసలాయన తడుస్తూ రేకు చివరను పక్కకు తిప్పి, ఆ మురికిని తోటలోకి వదిలాడు.

"ఇప్పుడా బాబూ?"

"ఇంకా ఆగు."

రేకు మీది నీరు ఎరుపు నుంచి గోధుమ రంగుకు, గోధుమ నుంచి తెలుపుకు మారింది. "ఇప్పుడు!" అని అరిచాను. అతను రేకును తిప్పాడు. నీరు కొలనులోకి విల్లులా వంగి దూకింది.

రెండు గంటలపాటు కురిసింది. పైనుంచి పడే వాన, పక్కనుంచి దూకే ధార, రెండూ కలిసి ఆ కొలను మా కళ్ళముందే మెట్టు మెట్టుగా పైకి లేచింది. సముద్రం మీంచి లేచిన నీరు, తన ఉప్పునూ సున్నాన్నీ కిందే విడిచి, ఏమీ లేని చేతులతో ఇంత దూరం వచ్చింది. నేను ఒక సీసా పట్టి, ఆ నీటిని వెలుగుకు ఎత్తి చూశాను. అందులో ఏమీ లేదు. అంత శూన్యంగా ఉన్నది రాయిని కరిగించగలదన్న సంగతి నాకు ఉద్యోగరీత్యా తెలుసు. ఆరోజు మాత్రం ఆ సీసాను మళ్ళీ మళ్ళీ వెలుగుకు ఎత్తి చూశాను.

జూన్‌లో మరి రెండు వానలు పడ్డాయి. పెచ్చు మెత్తబడింది. కొబ్బరిపీచు బ్రష్షుతో ముసలాయన నేల రుద్దితే, తడి సుద్దలా పాలరంగులో లేచేది. రోజూ కొంత. తొందరపడితే సిమెంటు పైకి వస్తుందని ఎక్కడికక్కడ ఆపించేవాణ్ణి. నెల నాలుగో వారానికి నీటి ఆకలి తీరిందని పరీక్షలో తేలింది. యాసిడ్ మానేసి, నీటిని మధ్యస్థంగా నిలిపాను.

ఆఖరి ఆదివారం సభ్యులందరూ ఒడ్డున చేరారు. గోడ నున్నగా ఉందా లేదా అన్నది మాటల్లో తేలలేదు. ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. అప్పుడు నా భార్య వరండాలోంచి, మార్చిలో దారాలు లేచిపోయిన ఆ నైలాన్ చీరను ఉండచుట్టి పంపింది.

"అన్నయ్యగారికి ఇవ్వండి. గోడకేసి లాగమనండి. ఒక్క పోగు లేచినా పూడ్చీమనండి."

కార్యదర్శి నవ్వుతూ చీరను తడిపి, ఒక చివర పట్టుకుని, గోడ వెంబడి ఒక పక్కంతా ఈడ్చుకుంటూ నడిచాడు. తర్వాత రెండో పక్క. మూడో పక్కకు వచ్చేసరికి నవ్వు మానేశాడు. చీర నీటిలో చేపలా జారింది, ఎక్కడా ఆగలేదు. యాసిడ్ పోసిన మూలలో మాత్రం ఒక పోగు చిక్కింది. అతను దాన్ని విడదీశాడు.

"ఆ ఒక్క పోగూ నాది బావా," అన్నాడు. తర్వాత సభవైపు తిరిగి, "షటిల్ కోర్టుకి వేరే జాగా సూద్దారండి," అన్నాడు.

ముసలాయనకు అమావాస్యనాడు చేతులు ఊరుకోవని నాకు తెలుసు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి, బుట్టకు బదులు బ్రష్షు పట్టుకుని గోడలన్నీ రుద్దేవాడు. నేనక్కడ ఉద్యోగం చేసినంతకాలం ఆ గోడకు మళ్ళీ పెచ్చు కట్టలేదు.

ఆ మంగళవారం ఎక్స్‌రే. డాక్టరు రెండు ఫిల్ములను పక్కపక్కన కిటికీకి ఆనించాడు. మొదటిదానిలో నల్లగీత. రెండోదానిలో గీత ఉండవలసిన చోట తెల్లటి మబ్బులాంటిది, ఎముకను రెండు పక్కల నుంచీ కమ్ముకుని ఉంది.

"ఇదేటి బాబూ?"

"కొత్త ఎముకమ్మా. మీ రక్తం సున్నం మోసుకొచ్చి విరిగినచోట పేర్చింది. కోత అక్కర్లేదు."

ఎముకలో ఉన్నది అచ్చంగా గోడ మీది రాయి కాదు, అందులో భాస్వరం కలుస్తుంది. ఆ తేడా నాకు తెలుసు. కానీ సున్నం ఒకటే. మూడు నెలలుగా నేను ఒకచోట గీకుతూ, మరొకచోట పేరుకోవాలని మొక్కుకున్నది ఒకే పదార్థం. గోడ మీద అది గుడ్డిగా, నీరు ఎక్కడ అలిసిపోతే అక్కడ దిగింది. ఇక్కడ, చీకటిలో, ఎవరూ చూపించకుండా, విరిగినచోటే దిగింది. పక్కన బాగున్న ఎముక మీద రవ్వంత కూడా దిగలేదు. ఆ దారి దానికి ఎవరు చెప్పారో డాక్టరును అడగాలనిపించింది.

నా భార్య ఫిల్ముకేసి చూసి, నాకేసి చూసింది. "అక్కడ గీకినదంతా ఇక్కడ అతికించీసినారేటండీ?"

ఆ మధ్యాహ్నం ఆమె కొలనుకు వెళ్తానంది. అవసరం లేదు కదా అన్నాను. "దిగినదాన్ని, నాకు నానే ఒకసారి ఎక్కాలి," అంది. మామూలుగా ఒక చుట్టు నడిచి, మెట్ల దగ్గరికి వచ్చింది. కర్ర ఒడ్డున ఉంది. నేను చెయ్యి చాచాను.

"ఒగ్గీండి."

మొదటి మెట్టు. నీరు భుజాల నుంచి జారి ఆమె బరువును కొంచెం ఆమెకు తిరిగి ఇచ్చింది. రెండో మెట్టు మీద ఇంకొంచెం. నడుము, మోకాళ్ళు, మడమలు. ఆఖరి మెట్టు దాటి, మొత్తం బరువుతో, పొడి సిమెంటు మీద ఎడమ కాలు మోపి నిలబడింది. తర్వాత వరండాదాకా నడిచింది.

ఆమె వెనక తడి అడుగులు పడ్డాయి. కుడిదీ ఎడమదీ ఒకే నిండుతనంతో ఉన్నాయి. ఎండకు ఆరుతూ, ఒక్కొక్క పాదం అంచున వెంట్రుకంత సన్నని తెల్లని గీతను వదులుతున్నాయి. నేను వంగి ఒక గీతను వేలితో తాకాను.

"అక్కడేటి ఎతుకుతన్నారు?" అని వరండాలోంచి కేకేసింది. "నాను ఇక్కడున్నాను. ఇటు సూడండి."